నెమ్మది మీట

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. కస్తూరి అనే అమ్మాయి బతుకును ఏడాదిపాటు కొంచెం కొంచెంగా పాడుచేశాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

పుట్టింది జపాన్‌లో. అరచేతిలో ఇమిడే వెండిరంగు ఒళ్లు, పక్కన నాలుగు మీటలు. నాలుగోది నా గర్వం. దాన్ని నొక్కితే ఎంత గబగబా మాట్లాడే మనిషైనా నాలోంచి నెమ్మదిగా, విడివిడిగా పలుకుతాడు. నన్ను కొన్న హిరనో గారు తడ దగ్గరి కార్ల వైర్ల ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చారు. మీటింగుల్లో మీవాళ్ల ఇంగ్లీషు ఆయనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నవ్వుతూ తలూపేవారు. తర్వాత గదికెళ్లి నాలుగో మీట నొక్కి, తాను దేనికి ఒప్పుకున్నారో తెలుసుకుని తల పట్టుకునేవారు.

వెళ్లిపోతూ ఆయన నాలో జపనీస్ పరీక్షల పాత వినికిడి పాఠాలు నింపి, ఖాళీ వేళల్లో జపనీస్ నేర్చుకుంటున్న కస్తూరి చేతిలో పెట్టారు. స్మార్ట్‌ఫోన్లు ఇంకా మా కంపెనీ బస్సెక్కని రోజులవి.

కస్తూరి లైన్‌లో వైర్లు కట్టే పని చేసేది. అంతకుముందు రొయ్యల షెడ్డులో ఆరేళ్లు ఐసునీళ్లలో చేతులు పెట్టింది. గోళ్లు ఇప్పటికీ నల్లగానే ఉండేవి. వచ్చే ఫిబ్రవరి ఆఖరికి ఆమె లైన్ మూసేస్తామని కంపెనీ నోటీసు అంటించింది. మూడో మెట్టు జపనీస్ పరీక్ష పాసైనవాళ్లను మాత్రం దుబాసీలుగా ఉంచుకుంటారు. లేకపోతే మళ్లీ ఆ షెడ్డే.

చదవడం, రాయడం ఆమెకు మంచినీళ్లు తాగినట్టు. వినడం దగ్గరే మునిగేది. వినికిడికి అరవైలో కనీసం పంతొమ్మిది రావాలి, మిగతావాటిలో ఎన్ని వచ్చినా సరే. మొదటిసారి పద్నాలుగు. రెండోసారి పదిహేడు. మిగిలింది డిసెంబరు పరీక్ష ఒక్కటే.

ఆమె భయపడే కొద్దీ నన్ను నొక్కింది. బస్సులో, భోజనాల వేళ, పెరట్లో బట్టలు ఉతుకుతూ. ఒక్క మాట అందకపోతే వెనక్కి తిప్పేది, నాలుగో మీట నొక్కేది, తెలుగులోకి మార్చుకున్నాకే ముందుకు కదిలేది. నేను ఉప్పొంగిపోయేవాణ్ణి. నేను లేకపోతే ఈ పిల్ల గతేమిటి అనుకునేవాణ్ణి.

పరీక్ష ఇక ఇరవై రెండు రోజులుందనగా, పొద్దున వరసలో నిలబడి ఉండగా సూపర్‌వైజరు నోజాకి గారు ఒక్కసారి గట్టిగా ఏదో అన్నారు. నేల తుడిచే చెంగమ్మ బకెట్ వదిలేసి గోడవైపు పరిగెత్తింది. ఆమెకు జపనీస్‌లో ఒక్క అక్షరం రాదు. అన్ని అక్షరాలూ వచ్చిన కస్తూరి మాత్రం కదలకుండా నిలబడి, వాక్యంలో క్రియ ఏదో వెతుక్కుంటోంది. చెంగమ్మ వెనక్కి వచ్చి ఆమె జడ పట్టుకుని లాగింది. ఆమె నిలబడ్డ చోటునుంచే బరువులెత్తే బండి వెనక్కి దూసుకుపోయింది. జేబులో ఉన్న నాకు ఆమె గుండె దెబ్బలు తగిలాయి.

భోజనాల దగ్గర చెంగమ్మ నన్ను లాక్కుని, ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. ఎప్పటిలాగే నాలుగో మీట మీదే ఉన్నాను.

"ఎవురమ్మే వీడు? జరమొచ్చినోడు మాదిరి మూలగతా ఉండాడు."

అర్థం కావాలని నెమ్మదిగా పెట్టానని కస్తూరి చెప్పింది.

"నోజాకి ఎప్పుడన్నా నీకోసం ఇట్ట మాట్లాడినాడా? బండి నీకోసం నెమ్మదిగా వచ్చిందా?"

చెంగమ్మ లేచి లైన్ మీదికెళ్లింది. వైర్ల చివర వేసే జిగురు తెచ్చి, నా వెనక్కి తిప్పే మీట మీద ఒక చుక్క, నాలుగో మీట మీద ఒక చుక్క వేసింది. నిమిషంలో రాయిలా గట్టిపడింది.

నాకు అరిచే నోరుంటే ఫ్యాక్టరీ అదిరేది. నా బదులు కస్తూరి ఏడ్చింది. "నన్ను చంపేశావత్తా" అంది. పిన్నీసుతో గీకి నా ఒళ్లంతా గాట్లు పెట్టింది. సూళ్లూరుపేటలో రిపేరువాడు చూసి, ఇది ఊడదు, కొత్తది కొనుక్కోమన్నాడు. అక్కడ అలాంటి కొత్తది దొరకదు.

వారం రోజులు నరకం. నాలోని గొంతులు ఆగకుండా పోయేవి. ఆమె మొదటి మాట పట్టుకుని వేలాడేది, మిగతా పది మాటలు దాటిపోయేవి. రొయ్యల షెడ్డు మేస్త్రీకి కబురు కూడా పంపింది, మార్చిలో పని ఉంటుందా అని. ఆ కబురు విన్న చెంగమ్మ మరుసటి రోజు బస్సులో వచ్చి పక్కన కూర్చుంది.

"అర్థం ఎతకమాక. వాడు అనేది వాడి ఎనకాలే అనుకుంటా పో. నేను అరవం అట్టే నేర్చుకునింది. పొయ్యే మాటని పోనీ."

కస్తూరి పళ్లు బిగించి మొదలుపెట్టింది. గొంతు వెనకాలే గొంతు. ముందు సీట్లోవాళ్లు దీనికి దెయ్యం పట్టిందన్నారు. జిగురు పడిన పదిహేనో రోజున నాలో ఒక ముసలాయన రైలు తప్పిపోయిందని చెబుతుంటే, ఆమె మధ్యలోనే చిన్నగా నవ్వింది. తెలుగులోకి మార్చకుండానే. నేను చూశాను. ఆ నవ్వులో నా పాత్ర ఏమీ లేదు.

పరీక్ష చెన్నైలో. లోకల్ రైల్లో చెంగమ్మ కూడా వచ్చింది. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి ఆమె ఒళ్లో, గేటు బయట ఎండలో కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం గంటలు కదల్లేదు. చెంగమ్మ నాలుగుసార్లు అరటిపళ్లు కొని, ఒక్కటీ తినలేదు.

కస్తూరి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"ఏడో ప్రశ్న పోయిందత్తా. ఒక్క ముక్క అందలేదు."

"పోతే?"

"పోనిచ్చినా. ఎనిమిదోది విన్నా."

చెంగమ్మ ఆమె చేతిలో అరటిపండు పెట్టింది.

ఫిబ్రవరి ఇరవై మూడున ఆఫీసుకు కవరు వచ్చింది. లైన్ మూతకు ఇక ఐదు రోజులు. కస్తూరి కవరు చింపకుండానే చాపితే, నోజాకి గారే చింపి గబగబా ఏదో చదివారు. చెంగమ్మ తుడుపుకర్ర పట్టుకుని బిగుసుకుపోయింది. ఈసారి ముందు కదిలింది కస్తూరి. నేలమీద చతికిలబడి, నల్లటి గోళ్లతో మొహం కప్పుకుంది. వినికిడిలో ఇరవై ఆరు.

మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. నెలరోజులు ఎవరూ వాడని వస్తువుకు ఎర్ర చీటీ కట్టి తుక్కు గదికి పంపుతారు. ఏప్రిల్‌లో నాకు కట్టారు. కట్టింది కస్తూరే. కారణం రాయాల్సిన చోట కలం ఆనించి, బొటనవేలితో నా గాట్లు తడిమింది. తర్వాత, అవసరం తీరింది, అని జపనీస్‌లో రాసింది.

ఇప్పుడు విరిగిన కుర్చీలకీ తుప్పు పట్టిన ఫ్యానుకీ మధ్య పడి ఉన్నాను. పొద్దున ఏడున్నరకు గోడ అవతల నోజాకి గారి గొంతు పరిగెడుతుంది. దాని వెనకాలే, అర క్షణం తేడాతో, కస్తూరి తెలుగు. అప్పుడప్పుడు ఒక మాట జారిపోతుంది. ఆమె ఆగదు.