సున్నం చెరిగిన చోటు

మా రంగుల కొట్టు వన్‌టౌన్‌లో, ఓడరేవుకు దగ్గర. స్టీలు ప్లాంటు కడుతున్న ఆ రోజుల్లో ఎనామిల్ డబ్బాలు, సున్నంతో పాటు ఇంకో సరుకు కూడా అమ్మేవాణ్ణి. ఓడల్లో పనిచేసేవాళ్లు ప్లాస్టిక్ యుద్ధట్యాంకు బొమ్మలు విడిభాగాలుగా పెట్టెల్లో తెచ్చేవారు. వాటిని అతికించి రంగు వేస్తే, ఇంట్లో షోకేసు ఉన్న ఆఫీసర్లు కొనేవారు. పచ్చరంగువి ఆగకుండా పోయేవి.

ఒక ఏడాది వేసవిలో నా భార్య జయశీల పోయాక ఆ పని మరీ పెంచుకున్నాను. భార్య లేని ఇంట్లో సాయంత్రం అమ్ముడుపోని సరుకు. ఎక్కడో ఒకచోట సర్దాలి.

డిసెంబరులో మా అక్క ఆరోగ్యమ్మ పెందుర్తి నుంచి దిగింది, క్రిస్మస్‌కి ఇంటికి వెల్ల వేయాలని. అన్ని గోడలకూ ఒప్పుకున్నాను, వీధిగది గోడకు తప్ప. జయశీల రోజూ అక్కడే చాప వేసుకుని ఆనుకుని కూర్చునేది. తల తగిలే చోట సున్నం చెరిగి కొబ్బరినూనె మరక పడింది. ఏటా వెల్ల వేసేవాణ్ణి, ఈస్టర్ నాటికి మళ్లీ తేలేది. సణిగితే, "గోడ నీది, తల నాది. ఏటి సేత్తావ్?" అని నవ్వేది. ఈసారి వేస్తే ఆ మరక మళ్లీ రాదు. నా లెక్క అంతే.

"రంగుల కొట్టోడి ఇంట్లో మరకేట్రా! కేరల్స్ పాడ్డానికొచ్చినోళ్లు నవ్వరా?" అంది అక్క.

"ఆ గోడ ఆఖర్న సూద్దారి," అని కొట్టుకు వెళ్లిపోయాను.

అక్కడ జ్ఞానదాసు జీపు ఆగి ఉంది. అతను ప్లాంటులో రష్యన్ ఇంజనీర్లకు డ్రైవరు, వాళ్ల భాష సగం పట్టేశాడు. వెంట ఉన్న పెద్దాయన విక్టర్. మంచులో కనబడకుండా యుద్ధంలో తెల్లరంగు వేసిన ట్యాంకు లాంటిది కావాలని ముందే చెప్పి వెళ్లాడు. నేను మంచు చూసినవాణ్ణి కాను. తెల్ల ఎనామిల్ రెండు పూతలు, కుంచె గీత కనబడకుండా వేసి ఉంచాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అన్నాడు.

"ఏటంటాడ్రా?"

"ఫ్రిజ్‌లాగుందంటన్నాడు బావా."

ఇద్దరూ నవ్వారు. నాకేమో సరుకు తిరిగొచ్చిన బాధ.

విక్టర్ చెబుతుంటే జ్ఞానదాసు తెలుగు చేశాడు. "అక్కడ ఎనామిలూ గినామిలూ ఏటీ లేదట. సున్నం నీల్లు, సీపురు. పచ్చరంగు మీద సిపాయిలే పులిమీసీవోరట. మనుసులు ఎక్కీ కాడ, దిగీ కాడ సెరిగిపోయి పచ్చ అగుపడతాదట. డ్రైవరు తల పెట్టీ మూత కాడ మరీని. ఈయన నాన్న అలాటి ట్యాంకు డ్రైవరేనట బావా. మంచులోకెల్లి మరి రాలేదట."

విక్టర్ ట్యాంకు ముందుభాగాన చిన్న మూత అంచు మీద బొటనవేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

ఆయన వెళ్లాక ట్యాంకుకు ఆ తెలుపు మీద పచ్చరంగు వేశాను. మర్నాడు సున్నంలో తుమ్మబంక, అలవాటు కొద్దీ కాస్త నీలిమందు కలిపి, చీపురుపుల్ల చివర నలగ్గొట్టి దాంతో పూశాను. కాళ్లు పడే చోట్ల తడిగుడ్డతో తుడిచాను. మూత దగ్గరకొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టి, నా తలనూనె వేలికి అంటించుకుని రుద్దాను. సున్నం చెరిగి, పచ్చ మీద చిన్న నిగారింపు మిగిలింది. ఆ మరకను నేను ఎక్కడైనా పోల్చుకుంటాను.

సాయంత్రం విక్టర్ వచ్చి చూశాడు. నీలి ఎక్కువైందేమోనని అడిగించాను. పొద్దుగూకే వేళ మంచు అలాగే ఉంటుందన్నాడట. ట్యాంకును ఒళ్లో పెట్టుకుని జీపులో కూర్చున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి వీధిగది గోడ ముందు అక్క బకెట్టుతో నిలబడి ఉంది. ఆవిడ చేతిలో కుంచె అందుకుని నేనే వేశాను. పైనా, కిందా, రెండు పక్కలా. మరక ఉన్నచోట తల పట్టేంత జాగా వదిలేశాను.

"పిచ్చెక్కిందేట్రా? అడిగినోళ్లకి ఏటి సెప్పమంటావ్?"

"అమ్మకానికి కాదని సెప్పు."

అక్క సణుగుతూనే వంట చేసింది. లైట్లు వేశాక చాప తెచ్చుకుని ఆ గోడకే చేరగిలబడబోయింది. ఆగి, ఒకసారి వెనక్కి చూసుకుంది. చాప కాస్త పక్కకు లాక్కుని కూర్చుంది.