పదిహేడో నంబరు చీటీ

రాత్రంతా ఓవెన్‌లో కాలిన గాజుసీసాలు చల్లారగానే ముత్యమ్మ గ్లౌజులు వేసుకుంది. ఒక్కో సీసా మూతికి ఫాయిల్ కాగితం కప్పి, చీర కుచ్చిళ్లు సర్దినట్టు నాలుగు మడతలు పెట్టింది. పటాన్‌చెరు మందుల కంపెనీ ల్యాబులో ఏడేళ్లుగా ఇదే పని. గుమ్మడిదల మళ్లలో నాట్లేసి మొద్దుబారిన వేళ్లు అవి. ఇక్కడ మాత్రం వాటిని సీసాకు తగలనివ్వకూడదు.

ఎందుకు తగలకూడదో ల్యాబు పెద్ద నరసింహమూర్తి సారు నిరుడే చెప్పాడు. నెత్తురులో కంటికి ఆనని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు తిరుగుతుంటాయట. కాలేయానికి జబ్బు మొదలైతే వాటిలో కొన్ని పెరిగి ముందే కబురు చెబుతాయట. చేతి చెమట తగిలిందా, ఆ కబురు కాస్తా గంగలో కలిసినట్టే.

ఆ పొద్దున సారు మొహం వాడిపోయి ఉంది.

"ముత్యమ్మా, పోల్చి చూడ్డానికి తీసుకున్న జబ్బు లేనివాళ్ల శాంపిళ్లలో ఒకటి తేడాగా వస్తోంది. సీసాల్లో ఏమైనా..."

ముత్యమ్మకు తల కొట్టేసినట్టయింది. మొగుడు పోయాక ఇస్నాపూర్ కిరాయి గదిలో ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషికి ఉన్న ఆస్తల్లా ఒక్కటే: ముత్యమ్మ కడిగితే మళ్లీ చూసుకోనక్కర్లేదన్న పేరు.

"జెర ఆగు సారూ, అన్నీ మళ్ల కడుగుత."

సద్దిగిన్నె మూత కూడా తీయలేదు. వంగినప్పుడల్లా కుడి డొక్కలో పోటు వస్తోంది. రెండు నెలల నుంచీ ఉన్నదేలెమ్మని కడుగుతూనే ఉంది.

సాయంత్రం సారే వచ్చాడు. "కొనుక్కొచ్చిన కొత్త సీసాలతో చేసినా అంతే వచ్చింది. తేడా పదిహేడో శాంపిల్‌లోనే ఉంది. అదెవరిదో కనుక్కోవాలి."

ముత్యమ్మ నడుముకు దోపుకున్న సంచిలోంచి మడతపడిన చీటీ తీసింది. జబ్బు లేనివాళ్ల నెత్తురు కావాలంటే నెల కిందట ఆమె కూడా ఇచ్చింది. అప్పుడు చేతికిచ్చిన ఆ చీటీ మీద పదిహేడు అని ఉంది.

సారు చీటీ అందుకుని రెండుసార్లు చదివాడు. ఆమె మొహం మాత్రం విప్పారింది.

"గట్లయితే నా సీసాలు మంచిగనే ఉన్నయి గద సారూ."

"నీ సీసాలకేం, అద్దాల్లా ఉన్నాయి." ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఆస్పత్రికి వెళ్దాం. నేనూ వస్తాను."

"రేపు సీసాలెవరు కడుగుతరు?"

కబురైతే అందింది గానీ, ఆస్పత్రివాళ్లు చూసేసరికే కాలేయం జబ్బు ముదిరింది. ఆ ముక్కలతోనే మందు చేయాలన్న సారు ఆలోచన ఇంకా కాగితాల మీదే ఉంది. దీపావళి దాటిన పది రోజులకు ముత్యమ్మ నిద్రలోనే పోయింది.

ఆమె చోటికి దేవమ్మ వచ్చింది. ముత్యమ్మ కడిగి ఉంచిన సీసాలన్నీ వాడకంలోకి పోయాయి. సారు బల్ల మీద ఒక్కటి మాత్రం ఎవరూ తెరవకుండా ఉండిపోయింది, మూతి మీద ఫాయిల్ నాలుగు మడతలతో.