కప్ప, దిగులుగా

మా బడిలో నాలుగేళ్ళ పిల్లలకు శుక్రవారం చివరి గంట నాటకాల గంట. అది నా చెల్లెలు పెట్టింది. ఆ పిల్లలకు తను చిన్న టీచర్. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే నేను పెద్ద టీచర్ని. తను పోయి మూడు నెలలైంది. ఆ గంటను చేతిరాతకు ఇచ్చేద్దామని హెడ్మిస్ట్రెస్ గారు అన్నప్పుడు, నేను చెబుతానన్నాను.

"మీరా?" అన్నారావిడ. ఆ ఒక్క మాటలోనే చాలా మర్యాద ఉంది.

"నాలుగు వారాలు చూడండి మేడం."

"సరే. నాలుగో వారం వచ్చి కూర్చుంటాను. కుదిరితే సరి, లేదంటే చేతిరాతే."

నేను ఏ పనైనా పద్ధతిగా చేస్తాను. నాటకం రాశాను. ఎండాకాలం, దాహం వేసిన కప్ప, ఒక చీమ, ఒక చెట్టు, చివర్లో ఒక మబ్బు. ఎవరు ఎలా మాట్లాడాలో బ్రాకెట్లలో రాశాను. పిల్లలకు చదవడం రాదు కనుక నేను చదవడం, వాళ్ళంతా కలిసి తిరిగి అనడం. రెండు వారాల్లో మొత్తం అప్పజెప్పేశారు. గుమ్మంలో నిలబడి విన్న ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటి ఆయమ్మా?"

"ఏం లేదు టీచరమ్మా. ఎక్కాలు బాగా వచ్చాయి వీళ్ళకి."

ఆవిడ ఎందుకు నవ్విందో మూడో వారం వేషాలు పంచాక తెలిసింది. కప్ప వేషం వాడిని మేము 'ఎందుకూ' అని పిలుస్తాం, వాడి నోట వచ్చేది ఆ మాటే గనుక. వాడు చెవుల దాకా నవ్వుతూ నిలబడి, "కప్ప, దిగులుగా. నాకు దాహంగా ఉంది" అన్నాడు.

"దిగులుగా అని అనకూడదు నాన్నా."

"ఎందుకూ?"

"దిగులుగా ఉండాలి."

"ఎందుకూ? నాకు దిగులు లేదుగా!"

నేను చదివినదంతా వాళ్ళు నేర్చుకున్నారు, బ్రాకెట్లతో సహా. మాన్పించడం నా వల్ల కాలేదు. చెట్టు వేషం బొంగరానిది. ఉన్నచోట ఉండదని ఆ పిల్లకా పేరు. చెట్టయితే కదలకుండా ఉంటుందని నేను చెట్టును చేశాను. లెక్కల టీచరు తెలివి అంతే. మబ్బు వేసిన పాప నోరు విప్పి ఎరగదు. అందుకని 'వాన వచ్చింది' అన్న ఒక్క మాటే ఇచ్చాను. ఏ రోజూ ఆ మాట కోసం తెర వెనకనుంచి బయటికి రాలేదు.

నాలుగో శుక్రవారం హెడ్మిస్ట్రెస్ గారు పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. చేతిలో పుస్తకం, పెన్ను.

"కప్ప, దిగులుగా" అన్నాడు ఎందుకూ, ఆనందంగా.

"చీమ, ఆయాసపడుతూ" అన్నాడు రెండోవాడు. తర్వాతి మాట మర్చిపోయాడు. "చీమ, ఆయాసపడుతూ." ఇంకోసారి అన్నాడు. పక్కనుంచి నేను అందించిన మాట వాడికి వినబడలేదు. మేడం పుస్తకంలో ఏదో రాసుకున్నారు. చెల్లెలి గంట నా చేతుల్లోనే పోతోందని అర్థమైంది.

అప్పుడు చెట్టు నడిచివెళ్ళి మూలనున్న చిన్న స్టూలు మీద కూర్చుంది. మూడు నెలలుగా ఎవరూ కూర్చోని స్టూలు అది. లేని కళ్ళజోడును ముక్కు మీద పైకి తోసుకుని, బొంగరం రెండుసార్లు చప్పట్లు కొట్టింది.

"చాల్చాల్లే. ఇవాళ ఎవరెవరు ఏమేమిటో చెప్పండి."

గది ఒక్కసారిగా లేచింది. "నేను కుక్కర్ని!" అని ఒకడు ఈల వేశాడు. "నేను తడిసిన కుక్కని!" అని చీమ ఒళ్ళంతా దులిపింది.

"నేను కప్పనే" అన్నాడు ఎందుకూ.

"ఎందుకూ?" అంది బొంగరం. వాడు జన్మలో మొదటిసారి ఖంగుతిన్నాడు.

"మేడం, మీరు?"

"నేను చూడ్డానికి వచ్చానమ్మా."

"ఇక్కడ చూసేవాళ్ళుండరు. అందరూ ఆడాల్సిందే." ఆ సాగదీత అచ్చం నా చెల్లెలిదే.

మేడం పెన్ను వంక చూసుకున్నారు. "అయితే... బస్సు" అన్నారు. వెంటనే నలుగురు ఆవిడ చీర పట్టుకుని ఎక్కేశారు.

"ఏం తల్లీ, మరి నువ్వు?"

నన్నే. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నోట్లో సుద్దముక్క పెట్టుకున్నావా?"

నేను మాట్లాడకుండా కూర్చున్నప్పుడల్లా నా చెల్లెలు అనే మాట అది. ఇన్నేళ్ళూ అది నా ఒక్కదాని కోసమే అనుకున్నాను.

"చెట్టుని" అన్నాను. ఆ వేషమే ఖాళీగా ఉంది.

"చేతులు కట్టుకునే చెట్టు ఉంటుందా ఎక్కడైనా? కొమ్మలు పైకి!"

చేతులు పైకెత్తాను. కిందనుంచి ఇద్దరు నడుం పట్టుకుని పిట్టల్లా అరుస్తున్నారు. చేతులు పైకి పెట్టుకుంటే కళ్ళు తుడుచుకోవడం కుదరదని అప్పుడే తెలిసింది. కప్ప తలెత్తి నా మొహంలోకి పరీక్షగా చూశాడు.

"పెద్ద టీచర్, ఏడుస్తూ" అన్నాడు.

అని, నా మాట కోసం ఆగాడు. అందరూ ఆగారు. కుక్కరు ఆగింది, బస్సు ఆగింది. నాకోసం నేను ఏ మాటా రాసుకోలేదు.

తెర కదిలింది.

"మబ్బు, నెమ్మదిగా వస్తూ" అంది ఒక సన్నటి గొంతు. గౌను నిండా దూది అంటించుకున్న పాప నా దగ్గరికి వచ్చి, అందినంత ఎత్తుకు చేతులెత్తింది. నా నడుం దాకా వచ్చాయి.

"వాన వచ్చింది."

"అదీ సంగతి! చెట్టు తడిసింది, అంతే" అని బొంగరం తేల్చేసింది. "కప్పా, నీళ్ళు తాగు."

గంట కొట్టారు. మేడం కుర్చీలోంచి ఊడిరావడానికి ఆయమ్మ చెయ్యి అందించాల్సి వచ్చింది. పుస్తకం మూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "వచ్చే శుక్రవారం కూడా వస్తాను" అన్నారావిడ.

"చూడ్డానికా మేడం?"

"చూసేవాళ్ళుండరట కదా. ఈసారి డ్రైవర్ని కూడా ఇవ్వండి. నలుగురూ నాలుగు వైపులకి లాగారు."

ఆవిడ వెళ్ళిపోయారు. పిల్లలు సంచులు తగిలించుకుని గేటు దాటారు. ఆయమ్మ చీపురు తెచ్చి, నేలమీది దూది ఊడుస్తూ నా ముందు ఆగింది.

"ఇక కొమ్మలు దించండి టీచరమ్మా. పిట్టలన్నీ ఇళ్ళకి పోయాయి."