మూడో చుట్టు

ఇరవై ఏళ్లుగా ఏడో తరగతికి బాబరు పాఠం చెబుతున్నాను. పన్నెండేళ్లకే ఫర్గానాలో గద్దెనెక్కాడనీ, సమర్‌ఖండ్‌ను గెలిచి పోగొట్టుకుని, మళ్లీ గెలిచి మళ్లీ పోగొట్టుకున్నాడనీ, చివరికి పానిపట్టులో గెలిచి మొఘలు వంశానికి పునాది వేశాడనీ చెబితే పిల్లలు ఆవలిస్తారు. అందుకే ఆఖర్న హుమాయూను జబ్బు సంగతి ఎత్తుకునేవాణ్ని. కొడుకు చావుబతుకుల్లో ఉంటే అంత మొండిమనిషీ మంచం చుట్టూ మూడుసార్లు తిరిగి, వాడి జబ్బు నాకివ్వమని దేవుణ్ని వేడుకున్నాడట. కొడుకు లేచాడు, తండ్రి పోయాడు. అక్కడికొచ్చేసరికి తరగతి గది చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. నాకదో గొప్ప.

గంట కొట్టే అటెండరు కుళ్లాయప్ప కూడా కిటికీ అవతల నిలబడి వినేవాడు. వింటే పోయేదేముందిలే అనుకున్నాను. పోయేదేమిటో ఈ సెప్టెంబరులో తెలిసింది.

అతని ఒక్కగానొక్క కూతురు పుష్పావతికి డెంగీ వచ్చింది. తల్లి లేని పిల్ల. అనంతపురం ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు పదిహేను వేలకు పడిపోయిన రోజు కుళ్లాయప్ప ఆమె మంచం చుట్టూ మూడుసార్లు తిరిగి మొక్కుకున్నాడు. మూడో రోజుకు పిల్ల లేచి కూర్చుంది. ఆ పూట నుంచే అతను తన షుగరుకు రోజూ వేసుకునే ఇన్సులిన్ మానేశాడు.

రెండు రోజులకు నేను వెళ్లేసరికి ఆడవాళ్ల వార్డు ముందు వరండాలో చాప మీద పడి ఉన్నాడు. వాంతులు, ఎగశ్వాస. షుగరు ఐదు వందలు దాటింది. సెలైను సూది రెండుసార్లు పీకేశాడట.

"మీరన్నా చెప్పండి సార్," అంది నర్సు యశోదమ్మ. "ఇట్లే ఉంటే పొద్దు గుంకేలోపల కోమాలోకి పోతాడు."

"సూది వేయించుకో కుళ్లాయప్పా," అన్నాను.

"ఏయించుకుంటే మాట తప్పినట్లు గాదా సార్. నేను ఎనక్కి తగ్గితే దేవుడు పాపను తీసకపోతాడు."

"అది జనం చెప్పుకునే కథప్పా. ఆ రాజు ఆ పొద్దే పోలేదు. నెలల తరవాత ఇంకేదో జబ్బుతో పోయినాడు."

"మరి ఇరవై ఏండ్లు అట్లెందుకు చెప్పినారు?"

పిల్లలు ఆవలించకుండా అని ఏ మొహంతో చెప్పను?

"మాయమ్మ గూగూడు పీరు సామికి మొక్కుకుంటే పుట్టినోన్ని. పీర్ల పండగకు నిప్పుల్లో నడిచినోన్ని. ఆ సాయిబుల రాజు అడిగిందీ, మాయమ్మ నాకోసం అడిగిందీ ఒగ దేవున్నే. ఆయప్ప కాడ మాట తప్పేకి గాదు సార్."

నాకు కోపమొచ్చింది, నా నోటి మీదే. ఏం చేయాలో తోచక అతని కాళ్లు పట్టుకున్నాను. "తప్పు సార్, మీరు అయివారు," అంటూ కాళ్లు ముడుచుకున్నాడు.

పుష్పావతి గోడ పట్టుకుంటూ వార్డులోంచి వచ్చింది. అంతా విన్నట్టుంది. తండ్రి చాప చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తాండావు పాపా?"

"నువ్వు చేసిందే నాయనా. నీ జబ్బు నాకు రానీ."

ఒక చుట్టు అయింది. కుళ్లాయప్ప లేవబోయి కూలబడ్డాడు. రెండో చుట్టూ అయింది.

"సూది ఏయించుకో. లేకుంటే మూడోది కూడా తిరుగుతా."

అతను యశోదమ్మ వైపు చూశాడు కానీ చెయ్యి ఇవ్వలేదు. ఆమె అడుగు ముందుకు వేసింది. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాను. అంతా కథేనని అంతసేపూ వాదించిన నేను, మూడో చుట్టు తిరగనివ్వలేకపోయాను.

"వదలండి సార్."

"వద్దమ్మా."

కుళ్లాయప్ప కింద నుంచి నా మొహం కేసి చూశాడు. తరవాత మెల్లగా యశోదమ్మ వైపు చెయ్యి చాపాడు. సూది దిగుతున్నప్పుడు కళ్లు మూసుకుని అన్నాడు.

"నా చేత మాట తప్పించినారు. పాపకేమన్నా అయితే సామికి మీరే జవాబు చెప్పల్ల."

"చెప్తాను," అన్నాను.