పసుపు నీళ్లలో పోయిన మందు

సైదయ్య కొంప ముంచింది ఎండా కాదు, నిప్పూ కాదు. సొంత బామ్మర్ది దశరథ. చెప్పిన మాట వినలేదు సరే, వినలేదన్న సంగతైనా చెప్పకుండా పెళ్లి పందిట్లో మీసం దువ్వుకుంటూ తిరిగాడు. ఉసురు తగలాలంటే ముందు వాడికే తగలాలి.

సూర్యాపేటలో సైదయ్యది సామియానాల కిరాయి వ్యాపారం. రజాకార్ల గొడవలు సద్దుమణిగిన మరుసటి ఏడు, వైశాఖంలో, కోదాడ పటేలు కూతురి పెళ్లి కుదిరింది. ఆ గొడవల్లోనే కొట్టం, గడ్డివాము కాలిపోయినప్పటి నుంచి పటేలుకు నిప్పంటే హడలు. "నీ గుడ్డ అంటుకోదని రాసిస్తవా?" అన్నాడు. సైదయ్య రాసిచ్చాడు. అంటుకుంటే మిర్యాలగూడ దగ్గరున్న తన మెట్ట చెలక పటేలుదేనని వేలిముద్ర వేశాడు. ఉన్నదల్లా ఆ చెలకే.

ఊరికే వేయలేదు. కంసాలులు వాడే వెలిగారం, మందుల దుకాణంలో దొరికే బోరిక్ పొడి వేణ్నీళ్లలో కలిపి, నూలు సామియానాను అందులో నానబెట్టి నీడన ఆరవేశాడు. ముక్క కత్తిరించి అగ్గిపుల్ల పెడితే నల్లగా మాడిందే గాని మంట లేవలేదు. చిక్కల్లా ఒక్కటే, మళ్లీ నీళ్లు తగిలితే మందంతా కరిగిపోతుంది.

"దశరథా, సుక్క నీళ్లు పడొద్దు. వానొస్తే నీ అంగీ ఇప్పి కప్పు" అని చెప్పి బండి మీద ముందు పంపాడు.

"నా అంగీకే వంద బొక్కలున్నయి బావా" అన్నాడు వాడు.

పెళ్లినాడు సైదయ్య కోదాడ చేరేసరికి సన్నాయి మోగుతోంది. తలెత్తి చూశాడు. కోరా బట్టకు నాలుగు మూలలా పసుపు పెట్టడం ఆచారం. ఇక్కడ బట్టంతా పసుపే.

బామ్మర్దిని పక్కకు లాగాడు.

"ఏం జేసినవ్ రా?"

"పటేలు తల్లి లక్ష్మీనర్సమ్మ వద్దన్నది బావా. తెల్లగుంటే శవం మీది గుడ్డ లెక్కుందట. నిన్న బాయికాడి తొట్టిల పసుపు కలిపి ముంచి పిండినం. ఆరింది గద, ఇంకేంది?"

"నీళ్లొద్దన్న గదరా!"

"తడిపిన గుడ్డ యాడన్న అంటుకుంటదా? నీకు సాదస్తం ఎక్కువైంది."

అప్పుడే పురోహితుడు హోమంలో నెయ్యి పోశాడు. మంట ఎగిసింది. రవ్వ ఒకటి తేలిపోతూ సామియానా దాకా వెళ్లి ఆరిపోయింది. కింద మూడు వందల మంది. ఒళ్లో చంటిపిల్లలు. చెబితే చెలక పోతుంది. చెప్పకపోతే? ఇంకో గరిటె నెయ్యి పడింది. ఈసారి రవ్వ గుడ్డ మీదే వాలి, సన్నటి పొగ వదిలి, ఎందుకో ఆగింది.

"లేవుండ్రి! బైటికి నడువుండ్రి!"

ఆ అరుపు తనదేనని సైదయ్యకు కాసేపటికి గాని తెలియలేదు. సన్నాయి ఆగింది. పటేలు కర్ర పట్టుకుని వచ్చాడు.

"పీటల మీది పిల్లను లేపుతవారా? మతిపోయిందా సైదిగా?"

"మందు కడుక్కపోయింది పటేలా. అంటుకుంటది."

"అంటుకోదని రాసిచ్చినోడు ఎవడు మరి?"

"పొద్దుగాల్నే కల్లు తాగినట్టుండు" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఒక్కరూ కదల్లేదు.

సైదయ్య అంచు నుంచి మూరెడు గుడ్డ చింపి, వాకిట్లోకి వచ్చి అగ్గిపుల్ల గీశాడు. ముక్క భగ్గుమంది. వేళ్లు కాలాయి.

అప్పుడు లేచారు జనం, పిల్లల్ని చంకనేసుకుని, విస్తళ్లు తొక్కుకుంటూ. సామియానా విప్పేశారు. మిగతా తంతు మండే ఎండలో గొడుగుల కింద అయింది. ఎవరికీ చిన్న బొబ్బ కూడా రాలేదు.

సాయంత్రం పటేలు కాగితం తెప్పించాడు.

"అంటుకుంటే అని రాసినవ్. అంటుకున్నది. మూడు వందల మంది సూసిన్రు. అంటించింది గూడ నువ్వే."

"పెద్దమ్మ తడిపిచ్చింది పటేలా..."

"ముసలామె మీదికి తోస్తవా?"

సైదయ్య బామ్మర్ది వంక చూశాడు. దశరథ బొటనవేలితో నేల గీరుతూ, "నాకేం తెల్వదు పటేలా. కట్టుమంటే కట్టిన" అన్నాడు.

ఆ నెలలోనే పట్టా మారింది. పోయింది రెండెకరాల పదకొండు గుంటలు.