సాక్షికి శాలువా

మైకు దొరికితే నా నోరు నా మాట వినదు. కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్ని. జడ్జిగారి ముందు పొదుపుగా మాట్లాడి, మిగిలిందంతా కాలనీ మీటింగుల్లో కక్కేస్తాను.

గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో గొలుసు దొంగతనాలు ఎక్కువయ్యాయని ఎస్సై కిషన్, నేను కలిసి లైను లైనుకీ మీటింగు పెట్టాం. నా ఉపన్యాసానికి అందరూ తలలూపారు, సాక్ష్యం అనగానే దించుకున్నారు. కనకవ్వ ఒక్కతే స్టేషనుకొచ్చి, పక్కింటి లతీఫున్నీసా మెడలో నల్లపూసల గొలుసు తెంపుకుపోయినవాణ్ని, కిషన్ పట్టుకొచ్చినవాళ్లలో గుర్తుపట్టింది. అది ఆమెకు చనిపోయిన భర్త కట్టిన గొలుసు. వెనకనుంచి లాగాడు కాబట్టి లతీఫున్నీసా కూడా వాడి ముఖం చూడలేదు; కనకవ్వ తప్ప చూసినవాళ్లు లేరు.

"నా పేరు బయటికి రానియ్యకు బిడ్డా" అని నాతో ఒట్టు వేయించుకుంది.

వేశాను. వేసి, తర్వాతి మీటింగులోనే ఆమెను పేరు పెట్టి వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టించి, ఫోటో తీయించి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. శాలువా కప్పకపోతే మనకు మర్యాద చేసినట్టే ఉండదు కదా! పైగా ఆ ఫోటోలో నేను బాగా పడ్డాను.

మర్నాటి నుంచి దొంగ దోస్తులు బైకుల మీద కనకవ్వ ఇంటి ముందు చక్కర్లు మొదలుపెట్టారు. కిషన్ తల పట్టుకున్నాడు. "నేను దాచిన సాక్షికి మీరు దండోరా వేసిండ్రు మేడం."

పరుగున వెళ్తే కనకవ్వ శాలువా మడిచి నా చేతిలో పెట్టింది. "నేను కోర్టుకు రాను బిడ్డా. ఆయన షిఫ్టుకు పోతే ఇంట్ల ఒక్కదాన్నే ఉంట."

సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనే ఉన్న లతీఫున్నీసా బోసి మెడ తడుముకుంది. కాసేపు ఆ శాలువా వైపే చూసి, "గిసుంటివి ఇంకా ఉన్నయా మేడం?" అంది.

లేకేం! నేను వెళ్లిన ప్రతి మీటింగులోనూ నాకు కప్పించుకున్నవే, బీరువా తలుపు పడనన్ని.

ఆ ఆదివారం లైనులోని ఆడవాళ్లందరినీ సాక్షులని పిలిచి, కిషన్ నా శాలువాలన్నీ కప్పేశాడు. సాయంత్రం బైకులు వచ్చాయి. ప్రతి గుమ్మంలో ఒకామె శాలువా కప్పుకుని నిలబడి చూసింది. ఆ బైకులు మళ్లీ రాలేదు.

విచారణ రోజు మండుటెండలో లైనంతా శాలువాలతోనే కోర్టుకొచ్చింది.

"ఇందులో సాక్షి ఎవరమ్మా?" అన్నారు జడ్జిగారు.

అందరూ లేచారు. అంతమందిని వెనక చూసుకుని కనకవ్వ బోనెక్కింది. "వీడే సారూ" అంటూ వేలెత్తి చూపించింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

బయటికొచ్చాక అలవాటు కొద్దీ ఫోను తీసి, అందరినీ దగ్గరగా నిలబడమన్నాను. కనకవ్వ అరచెయ్యి కెమెరాకు అడ్డం పెట్టింది.

"జర ఆగు బిడ్డా. ముందుగాల తీర్పు రానియ్యి."