అప్ప గది తాళం

గదికి బయట తాళం వేసే ఉంది, అయినా నేను లోపలే ఉన్నాను, గోడలు ఎక్కడున్నాయో తెలియని మసక వెలుతురులో మా అప్ప నీలవేణి, నా సొంత అక్క, మంచం మీద బాసింపట్టు వేసుకుని, తను చనిపోయిందన్న ఆలోచనే లేనట్టు తీరిగ్గా జడ విప్పుకుంటోంది. అప్ప పోయిన నక్షత్రం మంచిది కాదని పంతులుగారు ఈ గదిని ఆర్నెల్లు మూసెయ్యమన్నారు, గడువు తీరింది, శాంతి కూడా చేయించాను, తాళం తియ్యడానికి మాత్రం ధైర్యం చాలక ఇప్పటికీ వంటింట్లో గడియ పెట్టుకుని పడుకుంటున్నాను. కలలో కూడా ఇదంతా గుర్తుండడం నాకే చిరాగ్గా ఉంది.

"ఏటే గవరీ, గుమ్మంలోనే నిలబడిపోనావు?" అంటుంది అప్ప.

"బయమేస్తంది."

"ఎవుల్ని సూసి? నన్నా?"

నవ్వొస్తుంది. బతికున్నన్నాళ్లూ బల్లి కనిపిస్తే చాలు, నన్ను కేకేసి కుర్చీ ఎక్కేసేది ఈవిడే. ఆ మాటే అంటాను.

"ఇప్పుడూ అంతేనే. ఒక్కర్తినీ ఉండాలంటే నాకూ బయమే. గోడవతల నువ్వు దగ్గుతావు సూడు, అదినబడితే కాస్త నిమ్మళం."

ఎప్పుడు మారిందో తెలీదు, మంచం పార్వతీపురం బస్సులో వెనక సీటైపోయింది, కిటికీల నిండా వాన, బస్సంతా కలిపి మేమిద్దరమే, డ్రైవరు సీట్లో ఎవరూ లేరు, అయినా బస్సు పోతూనే ఉంది, అందులో మాకు వింతేమీ తోచదు. చిన్నప్పుడు నేను తన ఒళ్లో పడుకున్నట్టే అప్ప ఇప్పుడు నా తొడ మీద తల పెట్టుకుంటుంది. తలకి బరువు లేదు. అది తెలిసీ తెలియనట్టే జుట్టు నిమురుతూ ఉంటాను.

"తాళమెందుకు తియ్యవే?"

"లోపల నువ్వుంటావని బయం."

"అబద్దాలాడకు."

అప్ప దగ్గర నా అబద్ధాలు ఏనాడూ చెల్లలేదు. వాన వైపు తల తిప్పుకుంటాను.

"తీస్తే నువ్వుండవని," అంటాను. "తాళమేసున్నన్నాళ్లూ నువ్వు లోపలున్నట్టే కదా అప్పా."

ఆ మాట నోరు దాటాక ఏడుపాగదు, అప్పని తీసుకెళ్లిన రోజు ఏడవలేదు, పన్నెండో రోజు భోజనాల దగ్గరా ఏడవలేదు, అందరూ నన్ను గుండె రాయి చేసుకుందనుకున్నారు, ఇప్పుడు ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, చంటిపిల్లలా వెక్కిళ్లు పెడుతున్నాను. అప్ప ఓదార్చదు. ఏడవనిస్తుంది.

"ఉండనమ్మీ," అంటుంది చివరికి. "తీసినా నానుండను. అయినా తియ్యి. లోపలంతా సీకటిగా ఉంది."

బస్సు ఆగుతుంది, ఊరూ లేదు, స్టాపూ లేదు, వానలోకి ఎవరో దిగిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఒళ్లో తల ఉందో లేదో చూసుకునే ధైర్యం లేక కళ్లు గట్టిగా మూసుకుంటాను.

తెరిచేసరికి వంటింట్లో చాప మీద ఉన్నాను. బాగా తెల్లారింది, పక్కింటివాళ్ల కుక్కరు కూత పెడుతోంది. చెంపలు తడిగా ఉన్నాయి. కుడి తొడ మాత్రం, దాని మీద ఎవరో చాలాసేపు తల పెట్టుకుని పడుకున్నట్టు, తిమ్మిరెక్కి మొద్దుబారిపోయి ఉంది.

ఆ తిమ్మిరి వదిలిపోకముందే లేచి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి, తాళం తీశాను.